నీళ్ళు పోసిందెవరు

ఇప్పటికీ ప్రొద్దుటూరులో మా క్రైస్తవ గుడిలో ఆదివారం పూజ అయ్యాక పెళ్ళి ప్రకటనలు చదువుతుంటే నా అరచేతులకు చెమట పడుతుంది. ఫలానా వారి కుమారుడికి, ఫలానా వారి కుమార్తెకు వివాహం నిశ్చయమైంది, ఏదైనా అడ్డంకి తెలిసినవాళ్ళు గురువుగారికి తెలియజేయాలి అని మైకులో చదువుతారు. వినేవాళ్ళెవరు? కుర్రాళ్ళు అప్పటికే సెల్‌ఫోన్లు బయటికి తీసి ఉంటారు. ఆడవాళ్ళు బయట చెప్పులు ఎక్కడ విడిచామా అని ఆలోచిస్తుంటారు. మొన్న నా మనవరాలు నన్ను లేపడానికి చెయ్యి పట్టుకుని, చెయ్యంతా తడిగా ఉందేమిటి అమ్మమ్మా అని అడిగింది. వయసైపోయిందిలే అన్నాను.

వయసు కాదు. అట్లాంటి అడ్డంకి ఒకటి ఒకప్పుడు నాకు తెలిసింది, నేనే నోరు తెరిచి చెప్పాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ పెళ్ళి మా అక్కది.

మా ఊరు జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు వచ్చే దారిలో ఉంది. ఊరు ఇప్పటికీ ఉంది గానీ నేను చెప్పే పేట లేదు. నల్లరేగడి చేల అంచున ముప్పై ఇళ్ళు, నడిమధ్యలో నాపరాయి బండలు పరిచిన ఒక పెద్ద గది. పగలు అది బడి, పొద్దుగూకితే గుడి. బడికి అయ్యవారు, గుడికి ఉపదేశి, రెండూ మా నాయనే. స్వాములవారు, అంటే గురువుగారు, ప్రొద్దుటూరు నుంచి నెలకో రెణ్ణెల్లకో ఒకసారి వచ్చి పూజ చేసి, పాపసంకీర్తనాలు, అంటే మేము ఒప్పుకునే పాపాలు, విని పోయేవారు. మిగతా రోజులన్నీ దేవుణ్ణి మాకు నాయనే చూపించాలి. ఊళ్ళో మమ్మల్ని ఆర్‌సీయమ్మోళ్ళు, అంటే రోమన్ క్యాథలిక్ మిషను వాళ్ళు, అనేవాళ్ళు. జమ్మలమడుగు వైపు ఇంకో మిషను వాళ్ళు శానా మంది. వాళ్ళ పిల్లలు మీరు బొమ్మలకు మొక్కుతారని మమ్మల్ని ఎగతాళి చేస్తే, మీకు మరియమ్మే లేదు పాపం అని మేము జాలిపడేవాళ్ళం.

సాయంత్రం వేలాడగట్టిన రైలుపట్టా ముక్కను నాయన టంగుటంగున కొడితే అందరూ చేరాలి. జపమాల అయితేనే తిండి. ఆ వేళకే ప్రతి ఇంట్లో జొన్నరొట్టెలు కాలుతుండేవి, రోట్లో గోగాకు ఊరిబిండి నూరుతుండేవాళ్ళు. ఆ వాసనలు ముక్కుకు తగులుతుంటే యాభైమూడు మంగళవార్త జపాలు చెప్పడం ఎంత కష్టమో ఆకలి తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. నేను నా వంతు వచ్చినప్పుడు పదింటిలో ఏడే చెప్పి పూస దాటించేసేదాన్ని. నాయన కళ్ళు మూసుకునే, ఇంకా మూడుండాయి అనేవాడు. ఆయనకు కళ్ళు వీపు మీద ఉన్నాయని మా నమ్మకం.

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. ఒక శుక్రవారం, మాకు మాంసం కూడని రోజున, దూదేకుల వాళ్ళ పెళ్ళిలో నేను కడుపునిండా పలావు తిని, బొగ్గుతో పళ్ళు తోముకుని ఇల్లు చేరాను. అక్క నా జుట్టు దువ్వుతూ వాసన పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ పూట తను మాత్రం సంగటి ముట్టలేదు. ఎందుకు తినవని అమ్మ అడిగితే ఆకలి లేదంది. నా బదులు ఉపవాసం ఉందని నాకు అర్థమయ్యాక, తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

శెనక్కాయ చేలల్లో కలుపు తీయడానికి పోయినప్పుడు అక్క ఆడవాళ్ళకు జపాలు నేర్పేది. ఒక సాలు మొదలుపెడితే ఒక పరలోక జపం, సాలు పొడుగునా మంగళవార్త జపాలు, చివర త్రిత్వ స్తోత్రం. పక్క పేటల నుంచి కూలికొచ్చిన వాళ్ళు, మా మతం కానివాళ్ళు కూడా, వంగిన నడుములు ఎత్తకుండానే ఆమె వెంట పలికేవాళ్ళు. నాయన బడిలో బెత్తంతో నేర్పలేనిది అక్క కొడవలితో నేర్పిందని మా అవ్వ మురిసిపోయేది.

అవ్వ మా నాయనకు తల్లి. చుట్టుపట్ల నాలుగూళ్ళకు ఆమే మంత్రసాని. ఆమె దగ్గర ఎప్పుడూ ఆముదం వాసన. రెడ్ల ఇళ్ళ నుంచి కూడా కబురొచ్చేది. పెరటి దారిన లోపలికి పిలుచుకుపోయి, బిడ్డ భూమ్మీద పడగానే అదే దారిన పంపేవాళ్ళు, పురిటి మైల పోయేదాకా మళ్ళీ గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. అవ్వకు అందులో తప్పేమీ కనిపించేది కాదు. ఆమె కూడా కాన్పు చేసి వచ్చిన రోజు మా ప్రార్థన గది లోపలికి వచ్చేది కాదు, బయట గోడకు ఆనుకుని కూర్చుని జపమాల చెప్పుకునేది. మరియమ్మను నమ్ముకుని రెండు తరాలైనా మైల మాత్రం మాతోపాటే వచ్చేసింది, మాకెవరికీ అది వింతగా తోచలేదు.

అక్కను మా మేనత్త కొడుక్కే ఇవ్వాలని చిన్నప్పటి నుంచీ అనుకున్నదే. బావ ప్రొద్దుటూరులో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. ఆదివారం సైకిలు మీద వచ్చి, తువ్వాలులో కట్టుకొచ్చిన బొరుగులు నాకిచ్చి, ఇంట్లో ఎవరెవరున్నారో నన్నే అడిగేవాడు. అక్క ఉందా అని మాత్రం అడిగేవాడు కాదు. మేనరికానికి బిషప్‌గారి అనుమతి కావాలి, అదీ వచ్చింది. పెళ్ళికి ముందు నాయన ఇద్దర్నీ కూర్చోబెట్టి పెళ్ళి పాఠం చెప్పాడు. నేను పక్కన జొన్నలు చెరుగుతూ వాళ్ళకంటే ముందే బట్టీ పట్టేశాను. ఎవరెవరికి పెళ్ళి కూడదో ఒక వరుస ఉంది అందులో. తలమీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇచ్చినవారికీ, వారి చేత పొందినవారికీ పెళ్ళి కూడదు. వాళ్ళది తండ్రీబిడ్డల వంటి బంధుత్వం.

ఆ వారంలోనే అవ్వ నా తలకు ఆముదం పెడుతూ అక్క పుట్టిన కథ చెప్పింది. పుట్టగానే ఏడవలేదు, ఒళ్ళంతా నల్లబడిందని ఆ కథ మా అందరికీ తెలుసు. ప్రాణం మీదికొస్తే స్వాములవారే రానక్కర్లేదు, ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. ఆ రోజు నాయన ఊళ్ళో లేడు, ఇంట్లోనే అవ్వ ఇచ్చేసిందనే అందరూ అనుకున్నారు, స్వాములవారి పుస్తకంలోనూ ఇంట్లో ఇచ్చినట్టే రాసి ఉంది. ఆ రోజు అవ్వ కొత్త సంగతి చెప్పింది.

"నేను జపం చెప్తాంటే మీ బావే చెంబెత్తి తలమీద నీళ్ళు పోసినాడు. ఎనిమిదేండ్ల పిల్లోడు. పోసినాడో ల్యాదో, పాప కేర్‌మనింది. ఆ పొద్దే దేవుడు ఈ ఇద్దరికీ ముడేసినాడు మ్మే."

ఆమె సంతోషంగానే చెప్పింది. నాకు మాత్రం పెళ్ళి పాఠంలోని ఆ వరుస గుర్తొచ్చింది.

మరుసటి ఆదివారం నాయన మొదటి ప్రకటన చదివాడు. అడ్డంకి తెలిసీ చెప్పకపోవడం పాపమని ఒక మాట కూడా కలిపాడు. నేను తల దించుకున్నాను. రెండో ఆదివారం జ్వరమని పడుకున్నాను. మూడో ప్రకటన స్వాములవారే వచ్చి చదువుతారు. ఆ ఆదివారమే నాకు మొదటి సత్ప్రసాదం, అంటే పూజలో నాలుక మీద పెట్టే అప్పం, అందుకు ముందురోజు మొదటి పాపసంకీర్తనం. పాపం కడుపులో పెట్టుకుని సత్ప్రసాదం తీసుకుంటే ఏమవుతుందో నాయన వర్ణించి చెప్పి ఉన్నాడు.

ఆ స్వాములవారు కోస్తా నుంచి కొత్తగా వచ్చినవారు, వయసులో చిన్నవారే. మా మాటలు ఆయనకు మొరటుగా వినిపిస్తాయని మాకు తెలుసు, ఆయన మాటలు మాకు హరికథలాగా వినిపించేవి. గది మూలన ఒక పంచె అడ్డం కట్టి, అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పూసలు దాటించడం, పలావు అన్నీ చెప్పేసి, చివర అక్క సంగతి చెప్పాను. 

ఇది నీ పాపం కాదమ్మా, వేరేవాళ్ళ సంగతి అన్నారు. ఇక్కడ విన్నది బయట వాడుకునే హక్కు నాకు లేదు, ఈ పంచె దాటితే నాకేమీ తెలియదు, చెప్పాల్సి ఉందనుకుంటే బయటికొచ్చి చెప్పు అన్నారు. ఇక్కడితో బరువు దిగిపోతుందనుకుని వచ్చినదాన్ని, అంతకంటే పెద్ద బరువుతో లేచాను.

సాయంత్రం మా ఇంటి ముందు నులకమంచం మీద స్వాములవారు కాఫీ తాగుతున్నారు. నాయన, అవ్వ, అమ్మ, గడప దగ్గర అక్క, గోడకు సైకిలు ఆనించి, మరునాటి పూజకని ముందురోజే వచ్చిన బావ, అందరూ ఉన్నారు. నేను మధ్యలోకి పోయి నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని గుంజింది.  స్వాములవారు మాత్రం మొదటిసారి వింటున్నట్టే విన్నారు. గ్లాసు పక్కన పెట్టి, అవ్వను దగ్గర కూర్చోమన్నారు.

"అవ్వా, నీళ్ళు పోసిందెవరు? మాటలు చెప్పిందెవరు?"

"నీళ్ళు వాడు పోసినాడు సామీ. మాటలు నేను చెప్పినా."

"అబ్బాయి మాటలేమీ చెప్పలేదా?"

"వానికి యాడొచ్చు సామీ? గజగజా వణుకుతాండ్య."

 నాయనకు నియమం తెలుసు. నీళ్ళు పోసే మనిషే మాటలు చెప్పాలి. ఒకరు పోసి ఒకరు చెబితే అది జ్ఞానస్నానం కాదు. బావ అక్కకు ఏమీ ఇవ్వలేదు గనక పెళ్ళికి అడ్డంకి లేదు. అవ్వ కూడా ఏమీ ఇవ్వలేదు గనక, పద్దెనిమిదేళ్ళు వచ్చి, పేటకంతా జపాలు నేర్పుతున్న మా అక్కకు అసలు జ్ఞానస్నానమే కాలేదు.

ఎందుకమ్మా నువ్వే పోయలేదు అని స్వాములవారు మెల్లగా అడిగారు. అవ్వ తన చేతులు చూసుకుంది.

"పురుడు పోసిన చేతులు గదా సామీ. మైల. దేవుని నీళ్ళు మైలచేతుల్తో ఎట్ల పోసేది? పిల్లోడు అప్పుడే బావికాడ నీళ్ళు పోసుకోని వచ్చినాడు, శుద్ధంగా ఉన్యాడు. అందుకే వానిచేత పోయించినా."

అక్క ఏడవలేదు. అయితే ఇన్నాళ్ళూ ఈ గుడిలో నేనెవర్ని అని మాత్రం అడిగింది. స్వాములవారు ఏదో చెప్పబోతుండగా అవ్వ ఆయన కాళ్ళ దగ్గరికి జరిగింది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది.

"ఇట్లనే ఇంగా నలుగురు బిడ్డలకు చేసినా సామీ. ఒగసారి చెల్లెలు కూతురుతో పోయిస్తి, ఒగసారి బిడ్డ నాయనతోనే. మనోళ్ళ బిడ్డలే. ఈ పాప మాదిరి బతకల్యా వాళ్ళు. నేనే మన్ను కప్పినా. వాళ్ళు యాడుండారు సామీ?"

జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిబిడ్డలకు దేవుని దర్శనం ఉండదని ఆ కాలంలో మా పుస్తకంలో ఉండేది. నాయన మాకు చెప్పిన పాఠమే. ఆయన అవ్వ వైపు చూడలేక చేల వైపు తిరిగి కూర్చున్నాడు.  స్వాములవారు కూడా పుస్తకమే చెబుతారేమోనని నాకు భయమేసింది. తగువు పెట్టింది నేనే గదా.

"అవ్వా, నీళ్ళు పోయమని దేవుడు మనకు చెప్పాడు," అన్నారు ఆయన. "నీళ్ళు లేకపోతే తనకు చేతగాదని మాత్రం ఎక్కడా చెప్పలేదు. నువ్వు ఆ బిడ్డల్ని ఆయన చేతుల్లో పెట్టావు. పెట్టిన బిడ్డను ఆయన కింద పడేస్తాడా?"

ఇంకో మాట కూడా చెప్పారు. మరియమ్మ దేవుని కుమారుణ్ణి పశువుల పాకలో కన్నప్పుడు ఆయన్ను కూడా ఏవో చేతులు పట్టుకునే ఉంటాయి, ఆ చేతులకు లేని మైల నీ చేతులకు ఎక్కడి నుంచి వచ్చింది అని. అవ్వ తల ఊపింది గానీ నమ్మినట్టు నాకు కనిపించలేదు.

మరునాడు పూజలో నేను మొదటిసారి సత్ప్రసాదానికి ముందుకు పోయాను. అక్క మొదటిసారి వెనక, జ్ఞానస్నానం లేనివాళ్ళ వరుసలో కూర్చుంది. పేటంతా చూసింది. నాలుక మీద అప్పం కరుగుతుంటే నాకు సంతోషం కలగలేదు, వెనక్కి తిరిగి చూడాలని మాత్రం అనిపించింది.

బిషప్‌గారికి రాసి, అనుమతి తీసుకుని వస్తానని స్వాములవారు వెళ్ళారు. మూడు వారాలు పట్టింది. పెళ్ళికి దంచిన బియ్యం బానలోనే ఉండిపోయింది. అమ్మ నా తల దువ్వడం మానేసింది, అక్కే దువ్వేది. చేలో ఎవరో అడిగారట, ఇంకా మాకు నేర్పుతావా అని. నాకూ ఇంగా కాల్యా, మీతోపాటే నేనూ నేర్చుకుంటాండా అని చెప్పిందట. ఆ మాట విన్నాక ఇద్దరు కూలి ఆడవాళ్ళు తమకూ జ్ఞానస్నానం కావాలని నాయన దగ్గరికి వచ్చారు. నాయన అన్నేళ్ళు ఉపదేశిగా చేసి ఎంతమందిని కదిలించాడో నాకు తెలియదు, అక్క ఆ వెనక వరుసలో కూర్చుని ఇద్దర్ని తెచ్చింది. బావ ఎప్పటిలాగే ఆదివారాలు వచ్చాడు, ఎన్నాళ్ళైనా ఆగుతానని నాయనకు చెప్పాడు, నాకు బొరుగులు కూడా ఇచ్చాడు. అవి నేను కోళ్ళకు వేసేశాను.

అవ్వ మాత్రం కాన్పులకు పోవడం మానేసింది. పిలవడానికి వచ్చినవాళ్ళకు కళ్ళు కనపడవని చెప్పి పంపేది. ఎప్పుడు చూసినా రెండు చేతులూ కొంగులో దాచుకుని గోడ పక్కన కూర్చుని ఉండేది.

అక్కకు జ్ఞానస్నానం ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే పై పేట నుంచి ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. పెండ్లానికి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. అవ్వ తల అడ్డంగా ఊపింది. అక్క కొత్త చీర కట్టుకుంటున్నది వదిలేసి వచ్చి అవ్వ ముందు కూర్చుంది.

"పో అవ్వా. నాకు జ్ఞానతల్లివి నువ్వే. నువ్వు వచ్చిందాకా నేను తల వంచను."

జ్ఞానస్నానం పొందేవాళ్ళ భుజం మీద చెయ్యి వేసి పక్కన నిలబడేది జ్ఞానతల్లి. అవ్వ ఆమె ముఖంలోకి చూసి, ఆముదం బుడ్డి తీసుకుని లేచింది.

స్వాములవారు వచ్చారు. పది అయింది, పదకొండు అయింది. పేటంతా గదిలో ఉక్కపోతకు విసురుకుంటూ కూర్చుంది. నాయన మొదలుపెడదామని రెండుసార్లు సైగ చేశాడు, స్వాములవారు తొందర లేదన్నారు. ఎండ నెత్తికెక్కుతుండగా అవ్వ వచ్చింది. చీర మీద మరకలు అట్లే ఉన్నాయి, చేతులు కడుక్కుంది గానీ ఇంకా తడిగా ఉన్నాయి. తల్లీబిడ్డా బతికారని గడప అవతలి నుంచే చెప్పింది. పురిటింట్లోంచి వచ్చినా, ఈన్నే నిలబడతా అంది.

 అక్క లేచి, అందరినీ దాటుకుని బయటికి పోయింది. అవ్వ కుడి చెయ్యి పట్టుకుని తన భుజం మీద పెట్టుకుని, ఆ చెయ్యి జారకుండా తన చేత్తో అదిమిపట్టి లోపలికి నడిపించుకొచ్చింది. అవ్వ గడప దాటేటప్పుడు కాలు తడబడింది. ఆముదం వాసన గదంతా పరుచుకుంది.

స్వాములవారు చెంబు ఎత్తి నీళ్ళు పోస్తూ మాటలు మొదలుపెట్టగానే అవ్వ కూడా అలవాటుకొద్దీ గట్టిగా అందుకుంది. ఆయన ఆగి, "అవ్వా, ఈసారి నన్నొక్కణ్ణే చెప్పనీ," అన్నారు. గదిలో అందరూ నవ్వారు. తల వంచుకుని ఉన్న అక్క కూడా నవ్వింది, నీళ్ళు ఆమె నోట్లోకి పోయి దగ్గొచ్చింది. ఆయన మళ్ళీ మొదటి నుంచి తనొక్కరే పోసి, తనొక్కరే చెప్పారు. కూలి ఆడవాళ్ళిద్దరికీ ఆ తర్వాత ఇచ్చారు. మూడో రోజు పెళ్ళి, ఓళిగలు, పలావు. శుక్రవారం కాదని నేను రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను.

ఆ తర్వాత అవ్వ కాన్పులకు మళ్ళీ పోయింది. ప్రాణం మీదికొచ్చిన మా వాళ్ళ బిడ్డకు తనే పోసి, తనే చెప్పేది, ఎవరినీ పిలిచేది కాదు. నన్ను ఆమె ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎన్నో ఏళ్ళు తిన్నది. పాపభయంతో చెప్పానా, పాఠం నాకు బాగా వచ్చని చూపించుకోవడానికి చెప్పానా, అక్క నన్ను వదిలి పోకూడదని చెప్పానా, నాకే తెలియదు. మూడూ కొంచెం కొంచెం ఉన్నాయేమో. ఏదైతేనేం, నలుగురు బిడ్డల్ని మోక్షంలో ఉంచుకుని ప్రశాంతంగా ఉన్న ముసలామె మనసు నేను చెదరగొట్టాను.

నా మొదటి కాన్పు చేసింది అవ్వే. చూపు నిజంగానే తగ్గిపోయింది అప్పటికి, చేతులతోనే చూసేది. బిడ్డను నా పక్కలో పెట్టి ఆమె కూర్చున్నప్పుడు, నా మీద కోపం లేదా అవ్వా అని అడిగేశాను. దేనికని ఆమె అడగలేదు.

"నువ్వు నోరు తెరవకపోయింటే, ఆ నలుగురికోసం నేను ఒక్కపొద్దన్నా ఏడ్చిందాన్ని గాదు మ్మే. మోచ్చానికి పోయినార్లే అని మన్ను కప్పి మర్చిపోయింటి. ఇప్పుడు దినామూ పేరుపేరునా తలుచుకుంటాండా."

వాళ్ళు పేర్లు పెట్టక ముందే పోయిన బిడ్డలు. పేర్లెక్కడివి అని అడిగాను. తనే పెట్టుకున్నానని చెప్పి, నా చెవి దగ్గరికి వంగి, నాలుగూ ఒక్కొక్కటే చెప్పింది. స్వాములవారికి గానీ నాయనకు గానీ ఎప్పుడూ చెప్పలేదట. అవ్వ పోయి ఎన్నో ఏళ్ళైంది, అక్కా బావా కూడా పోయారు. ఆ నాలుగు పేర్లూ ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.